ఒకే పేరు, రెండు రికార్డులు: దేశం మారితే రాక్ ఎల్పీ ఎలా మారింది?

#1 గాడి33

బీటిల్స్ ఆల్బమ్ 'రబ్బర్ సోల్'లో మొదటి పాట ఏది? ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి, రెండూ ఒప్పే. 1965 డిసెంబర్ 3న బ్రిటన్‌లో పార్లోఫోన్ లేబుల్ మీద వచ్చిన ఎల్పీ 'డ్రైవ్ మై కార్'తో మొదలవుతుంది. మూడు రోజుల తర్వాత అమెరికాలో క్యాపిటల్ కంపెనీ విడుదల చేసినదాంట్లో మొదటి పాట 'ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్'. అట్ట మీద ఫొటో ఒకటే, పేరూ ఒకటే. లోపల మాత్రం బ్రిటన్‌లో 14 పాటలు, అమెరికాలో 12.

అమెరికాలో తీసేసినవి: డ్రైవ్ మై కార్, నోవేర్ మ్యాన్, వాట్ గోస్ ఆన్, ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్. చేర్చినవి: ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్, ఇట్స్ ఓన్లీ లవ్. ఈ రెండూ బ్రిటిష్ 'హెల్ప్!' ఎల్పీ రెండో వైపు మిగిలిపోయిన పాటలు. ఈ మార్పుతో రికార్డు స్వభావమే మారిపోయింది. ఎలక్ట్రిక్ గిటార్ బరువు తగ్గి, అకూస్టిక్ (కరెంటు లేని చెక్క) గిటార్ మోత ముందుకొచ్చింది. అమెరికా శ్రోతలకు ఇది ఫోక్ రాక్ రికార్డుగా గుర్తుండిపోవడానికి కారణం అదే. బీచ్ బాయ్స్ బ్యాండ్‌కు చెందిన బ్రయాన్ విల్సన్ కదిలిపోయి తమ 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌కు పూనుకున్నది కూడా ఈ 12 పాటల రికార్డు వినే.

ఇలాంటి తేడాలన్నీ ఒకచోట పోగేద్దాం. ఏ పాట పోయింది, ఏది వచ్చింది, మిక్స్ (గొంతు, వాయిద్యాలు కలిపిన తీరు) ఏమిటి, ఇవాళ ఆ రూపంలో వినాలంటే ఏం చేయాలి... వీలైనంత కచ్చితంగా రాయండి.

#2 రెండోవైపు

ముందు కారణాలు రాస్తాను. ఇది ఎవరి అభిరుచికో సంబంధించిన మార్పు అనుకుంటారు చాలామంది. మూలం లెక్కల్లో ఉంది.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం పాట రాసినవాళ్లకు, పబ్లిషర్‌కు చెల్లించే రాయల్టీ పాటకు ఇంత అని ఉండేది. చట్టం పెట్టిన రేటు పాటకు 2 సెంట్లు. 14 పాటలుంటే ఎల్పీకి 28 సెంట్లు, 11 ఉంటే 22. బ్రిటన్‌లో లెక్క వేరు. మొత్తం రికార్డు అమ్మకం ధర మీద 6.25 శాతం తీసి పాటలకు పంచేవారు. కాబట్టి 10 పాటలు పెట్టినా 14 పెట్టినా కంపెనీకి ఒకటే ఖర్చు.

రెండోది సింగిల్స్, అంటే వైపుకొక పాట ఉండే చిన్న రికార్డులు. బ్రిటన్‌లో సింగిల్‌గా వచ్చిన పాటను మళ్లీ ఎల్పీలో పెడితే కొన్నవాడి చేత రెండుసార్లు డబ్బు పెట్టించినట్టే అన్న భావన గట్టిగా ఉండేది. అమెరికాలో హిట్ సింగిల్ లేకపోతే ఎల్పీ కదలదని నమ్మేవారు. అందుకే సింగిల్ లోపలికి వచ్చేది, దానికి చోటిస్తూ వేరే పాటలు బయటికి పోయేవి. అలా పోయినవన్నీ కలిపితే ఇంకో ఎల్పీ తయారు. అమెరికాలో మాత్రమే వచ్చిన బీటిల్స్ ఎల్పీ 'యెస్టర్‌డే అండ్ టుడే' పుట్టింది అలాగే.

#3 సూదిమొన

రెండోవైపు గారు చెప్పినవాటికి గాడి లెక్క కూడా కలపాలి. రోలింగ్ స్టోన్స్ 'ఆఫ్టర్‌మాథ్' (1966) చూడండి. బ్రిటన్ డెక్కా ఎల్పీలో 14 పాటలు, 52 నిమిషాల పైన. అమెరికాలో లండన్ లేబుల్ మీద వచ్చినది 11 పాటలు, 42 నిమిషాల పైన.

12 అంగుళాల రికార్డు మీద గాడి చెక్కడానికి దొరికే మేర బయటి అంచు నుంచి లోపలికి సుమారు 86 మిల్లీమీటర్లు. నిమిషానికి 33 1/3 చుట్లు. ఒక వైపు 26 నిమిషాలంటే దాదాపు 867 చుట్లు, అంటే పక్కపక్క గాడుల మధ్య సగటు దూరం 0.1 మిల్లీమీటర్. అదే 21 నిమిషాలైతే 700 చుట్లు, దూరం 0.12కు పెరుగుతుంది. గాడులు ఇరుకైతే ఒకదాన్నొకటి తాకకుండా ఉండాలి కాబట్టి కటింగ్ ఇంజనీర్ లెవెల్ తగ్గిస్తాడు, బాస్ కూడా కోస్తాడు. ఇంట్లో మనం వాల్యూమ్ పెంచుతాం, దాంతో గాడి చిటపటలు కూడా పెరుగుతాయి. అమెరికా ప్రతి గట్టిగా, కొట్టినట్టు వినిపించడానికి ఇదొక కారణం.

ఇక పాటల మాట. బ్రిటన్‌లో 'మదర్స్ లిటిల్ హెల్పర్'తో మొదలు. అమెరికాలో ఆ స్థానంలో 'పెయింట్ ఇట్ బ్లాక్'. అది బ్రిటన్‌లో సింగిల్ మాత్రమే, ఎల్పీలో లేదు. 'అవుట్ ఆఫ్ టైమ్', 'టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్', 'వాట్ టు డూ' కూడా అమెరికా ప్రతిలో లేవు. సితార్‌తో తలుపు తెరుచుకునే ఎల్పీ, గృహిణి మందుబిళ్లల మీద వెటకారంతో తెరుచుకునే ఎల్పీ... ఈ రెండూ విన్నవాళ్లకు ఒకే రికార్డు అనిపించవు.

#4 కొత్తశ్రోత

స్ట్రీమింగ్‌లో దొరికే 'రబ్బర్ సోల్' అంతా 14 పాటలదే కదా. ఆ పాటల్ని అటూ ఇటూ మార్చి ప్లేలిస్ట్ పెట్టుకుంటే అమెరికా రికార్డు అయిపోయినట్టేనా? 'డ్రైవ్ మై కార్' కూడా రెండో వైపు ఎక్కడో ఉందని విన్నాను.

#5 మోనోమాత్రమే

'డ్రైవ్ మై కార్' అందులో లేదండీ. అమెరికాలో దాన్ని 1966 జూన్‌లో 'యెస్టర్‌డే అండ్ టుడే'కి మొదటి పాటగా పెట్టారు. వరుస ఇదీ.

మొదటి వైపు: ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్, నార్వీజియన్ వుడ్, యూ వోంట్ సీ మీ, థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్, ద వర్డ్, మిషెల్.
రెండో వైపు: ఇట్స్ ఓన్లీ లవ్, గర్ల్, ఐయామ్ లుకింగ్ త్రూ యూ, ఇన్ మై లైఫ్, వెయిట్, రన్ ఫర్ యువర్ లైఫ్.

వరుస ఒక్కటే సరిచేస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం మిక్స్. శబ్దమంతా ఒకే చానల్‌లో కలిపితే మోనో, ఎడమ, కుడి చానళ్లకు పంచితే స్టీరియో.

'హెల్ప్!', 'రబ్బర్ సోల్' రెండింటినీ సీడీ కోసం బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ 1986లో కొత్తగా స్టీరియో మిక్స్ చేశారు. 2009 స్టీరియో రీమాస్టర్ కూడా దాని మీదే ఆధారపడింది. 1965 నాటి స్టీరియో కావాలంటే 2009 మోనో బాక్స్‌లో ఈ రెండు ఆల్బమ్‌ల డిస్కులు చూడండి. మోనో పాటలు అయిపోయాక అదే డిస్కులో 1965 స్టీరియో ఉంటుంది. 12 పాటలూ అక్కడి నుంచి తీసుకోవచ్చు.

అయితే అన్నీ అచ్చం అమెరికా ఎల్పీలో ఉన్న రూపంలో అక్కడ దొరకవు. అమెరికా స్టీరియో ఎల్పీలో 'ఐయామ్ లుకింగ్ త్రూ యూ' మొదట్లో గిటార్ రెండుసార్లు మొదలై ఆగిపోతుంది, మూడోసారికి గానీ పాట ఎత్తుకోదు. ఆ తప్పుమొదళ్లు బ్రిటిష్ ప్రతిలో కత్తిరించారు. అవి 2006లో వచ్చిన క్యాపిటల్ ఆల్బమ్స్ రెండో సంపుటిలో ఉన్నాయి.

ప్లేలిస్ట్ పెట్టేటప్పుడు జరిగే తప్పులు రెండు. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదే తర్వాతిది మొదలుపెట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆ తప్పుమొదళ్లు ముందుపాట తోకలో కలిసిపోతాయి, ఆపేయండి. పాటకు పాటకు వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఉంటే 'మిషెల్' కూడా 'ద వర్డ్' అంత గట్టిగా వస్తుంది, అది చెడుపు. 12 ఫైళ్లకూ ఒకే ఆల్బమ్ పేరు, కొత్త ట్రాక్ నంబర్లు ఇచ్చి, ఆల్బమ్ మొత్తానికి ఒకే గెయిన్ (శబ్దం పెంచే, తగ్గించే మోతాదు) వచ్చేలా మళ్లీ లెక్క కట్టించండి. పాతవి రెండు ఆల్బమ్‌ల నుంచి వచ్చాయి కాబట్టి వాటి పాత గెయిన్ ట్యాగులు కుదరవు.

#6 గాడి33

మోనో గారూ, ఆ రెండో సంపుటి కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. మొదట్లో వచ్చిన కాపీల్లో 'బీటిల్స్ VI', 'రబ్బర్ సోల్' మోనో విభాగంలో అసలు మోనో మిక్స్ కాకుండా స్టీరియోని కలిపి మోనో చేసినది పడింది. తర్వాత సరిచేశారు. గుర్తుపట్టడం తేలిక. మోనో విభాగంలో 'ఐయామ్ లుకింగ్ త్రూ యూ' పెట్టండి. తప్పుమొదళ్లు వినిపిస్తే అది స్టీరియో నుంచి కలిపిందే. అసలు మోనో మిక్స్‌లో అవి లేవు.

#7 సూదిమొన

క్యాపిటల్ అనగానే 'డ్యూయోఫోనిక్' మాట రావాలి. స్టీరియో టేపు చేతిలో లేనప్పుడు మోనో టేపునే రెండు చానళ్లకు పంచి, ఒకవైపు బాస్ పెంచి, మరోవైపు సన్నటి స్వరాలు పెంచి, రెండింటి మధ్య చిన్న ఆలస్యం పెట్టేవారు. 'బీటిల్స్ '65'లో 'ఐ ఫీల్ ఫైన్', 'షీ ఈజ్ ఎ వుమన్' వినండి. క్యాపిటల్ ఉద్యోగి డేవ్ డెక్స్‌టర్ పర్యవేక్షణలో దట్టంగా ప్రతిధ్వని కూడా పూశారు. అది విని పెరిగిన అమెరికా శ్రోతకు బ్రిటిష్ మిక్స్ ఎండిపోయినట్టు అనిపిస్తుంది. బ్రిటిష్ మిక్స్ విన్నవాడికి ఇది స్నానాలగదిలో వాయించినట్టు ఉంటుంది.

మీ దగ్గరున్న ఫైల్ నిజం స్టీరియోనా, కల్తీనా తేల్చుకునే పద్ధతి ఇదీ. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి స్టీరియో ట్రాక్‌ని రెండు మోనో ట్రాకులుగా విడగొట్టండి. ఒకదాన్ని ఎంచుకుని ఇన్వర్ట్ చేయండి (తరంగాన్ని తలకిందులు చేయడం). రెండూ కలిపి ప్లే చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే అది అసలైన మోనో. గొంతు, డ్రమ్స్, గిటార్ అన్నీ ఉంటూనే బోలుగా, పల్చగా వినిపిస్తే డ్యూయోఫోనిక్ అని అనుమానించండి. ఎడమ, కుడి చానళ్లు విడివిడిగా విన్నప్పుడు రెండింట్లోనూ అవే వాయిద్యాలు ఉండి, ఒకటి బొంగురుగా, ఒకటి కీచుగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. తొలినాళ్ల బీటిల్స్ నిజం స్టీరియోలో గొంతులు ఒకవైపు, వాయిద్యాలు మరోవైపు స్పష్టంగా చీలి ఉంటాయి.

ఎల్పీ నుంచి ఎక్కించిన ఫైలైతే మోనో అయినా పూర్తి నిశ్శబ్దం రాదు. కార్ట్‌రిజ్ (సూది బిగించే భాగం) రెండు చానళ్ల లెవెల్ ఒకేలా ఉండదు. ముందు ఒకదాని గెయిన్‌ని అర డెసిబెల్ చొప్పున జరుపుతూ శబ్దం అతి తక్కువయ్యే చోట ఆపండి. మిగిలే చిటపటలు దుమ్మువి.

డ్యూయోఫోనిక్‌ని రెండు చానళ్లూ కలిపేసి బాగుచేద్దామని చూడకండి. మధ్యలో పెట్టిన ఆలస్యం వల్ల కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుని ఇంకా పాడవుతుంది. మోనో ప్రతి వెతుక్కోవడమే దారి.

#8 అట్టలపెట్టె

బీటిల్స్ 'రివాల్వర్' సంగతి ఎవరూ ఎత్తలేదు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే.

'యెస్టర్‌డే అండ్ టుడే'కి పాటలు చాలక, ఇంకా తయారీలో ఉన్న 'రివాల్వర్' నుంచి మూడు పాటలు క్యాపిటల్ ముందే తీసుకుంది: ఐయామ్ ఓన్లీ స్లీపింగ్, అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్, డాక్టర్ రాబర్ట్. మూడూ బ్యాండ్ సభ్యుల్లో జాన్ లెనన్ పాడినవే. దాంతో 1966 ఆగస్టులో అమెరికాకు వచ్చిన 11 పాటల 'రివాల్వర్'లో లెనన్‌వి రెండే మిగిలాయి: షీ సెడ్ షీ సెడ్, టుమారో నెవర్ నోస్. హారిసన్‌వి మూడు. మెకార్ట్‌నీ పాడినవి ఐదు. బ్రిటన్‌లో విన్నవాళ్లు లెనన్‌ని ఈ రికార్డుకు ఒక స్తంభంగా చూస్తే, అమెరికాలో విన్నవాళ్లకు అతను రెండు వైపుల చివర్లో వచ్చి పలకరించి పోయేవాడు. వైపు చివర షీ సెడ్, ఇంకో వైపు చివర టుమారో నెవర్ నోస్. ఏళ్ల తరబడి సాగిన 'రివాల్వర్ ఎవరి రికార్డు' అన్న వాదనలో సగం మంది వేరే రికార్డు గురించి మాట్లాడుతున్నారు.

ఆ మూడు పాటలకు స్టీరియో మిక్స్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి 'యెస్టర్‌డే అండ్ టుడే' తొలి స్టీరియో కాపీల్లో అవి డ్యూయోఫోనిక్‌లోనే ఉన్నాయి.

ఇక దాని అట్ట. రాబర్ట్ విటకర్ తీసిన మాంసం, బొమ్మల ముక్కల ఫొటోకు గోల రేగడంతో క్యాపిటల్ వెనక్కి పిలిపించి, చాలావాటి మీద పెద్ద పెట్టె ఉన్న కొత్త ఫొటో కాగితం అతికించింది. కింద పాత బొమ్మ ఉందో లేదో చూడాలంటే వెలుతురులో పెట్టె ఫొటో కుడివైపు తెల్లని ఖాళీ జాగా చూడండి. రింగో వేసుకున్న నల్ల స్వెటర్ మెడభాగం చిన్న నల్ల త్రికోణంలా కింద నుంచి లీలగా కనిపిస్తుంది. కనిపించినా కాగితం పీకకండి. ఆవిరి పడితే కింది అట్ట ఉబ్బి వంకర పోతుంది, గోటితో లాగితే పాత బొమ్మ పొర కూడా కాగితంతో ఊడొస్తుంది. అతికించినది అతికించినట్టు ఉండటానికే విలువ ఉంది.

#9 రెండోవైపు

బీటిల్స్, స్టోన్స్ దగ్గరే ఆగిపోతున్నాం. 1967కి వద్దాం.

గిటారిస్టు జిమి హెండ్రిక్స్ 'ఆర్ యూ ఎక్స్‌పీరియెన్స్‌డ్' మే నెలలో బ్రిటన్‌లో, ఆగస్టులో అమెరికాలో వచ్చింది. రెండింట్లోనూ 11 పాటలే. కానీ బ్రిటన్ ప్రతిలో హే జో, పర్పుల్ హేజ్, ద విండ్ క్రైస్ మేరీ లేవు, అవి సింగిల్స్. అమెరికా రిప్రైజ్ వాళ్లు ఆ మూడూ పెట్టి రెడ్ హౌస్, కెన్ యూ సీ మీ, రిమెంబర్ తీసేశారు. బ్రిటన్‌లో 'ఫాక్సీ లేడీ' తలుపు తీస్తుంది, అమెరికాలో 'పర్పుల్ హేజ్'. 'రెడ్ హౌస్' అమెరికాలో 1969 'స్మాష్ హిట్స్'తో గానీ రాలేదు, అదీ వేరే టేక్ (మరోసారి వాయించి రికార్డ్ చేసినది). అంటే హెండ్రిక్స్ మూలం బ్లూస్‌లో ఉందన్న విషయం బ్రిటిష్ శ్రోతకు మూడో పాటలోనే చెవిన పడింది, అమెరికా శ్రోతకు రెండేళ్లు పట్టింది. ఆయన పుట్టిన దేశమే అది!

పింక్ ఫ్లాయిడ్ 'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్'కు టవర్ లేబుల్ మీద వచ్చిన అమెరికా ప్రతి ఇంకా దారుణం. 'ఆస్ట్రానమీ డామినీ', 'ఫ్లేమింగ్', 'బైక్' తీసి 'సీ ఎమిలీ ప్లే' ముందు పెట్టారు. బ్రిటన్‌లో 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' తోక 'ద నోమ్' మొదట్లోకి కలిసిపోతుంది. అమెరికాలో దాన్ని చివరికి తోసేశారు కాబట్టి ఆ అతుకే లేదు.

మిగతావి క్లుప్తంగా: బ్లాక్ సబ్బాత్ మొదటి ఎల్పీలో బ్రిటన్‌కు 'ఈవిల్ వుమన్', అమెరికాకు 'వికెడ్ వరల్డ్'. డీప్ పర్పుల్ 'ఫైర్‌బాల్'లో బ్రిటన్‌కు 'డీమన్స్ ఐ', అమెరికాకు 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్'. స్పెయిన్‌లో ఫ్రాంకో కాలపు సెన్సార్ వల్ల స్టోన్స్ 'స్టికీ ఫింగర్స్' (1971) నుంచి 'సిస్టర్ మార్ఫిన్' పోయి లైవ్ 'లెట్ ఇట్ రాక్' వచ్చింది, జీన్స్ జిప్ అట్ట బదులు డబ్బాలోంచి వేళ్లు పొడుచుకొచ్చే బొమ్మ పెట్టారు.

#10 కొత్తశ్రోత

ఏసీ/డీసీ 'హై వోల్టేజ్' రెండు రకాలుగా ఎందుకుందో ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

#11 అట్టలపెట్టె

అది అచ్చంగా ఒకే పేరున్న రెండు వేర్వేరు ఆల్బమ్‌లు.

ఆస్ట్రేలియాలో 1975 ఫిబ్రవరిలో 'హై వోల్టేజ్', డిసెంబర్‌లో 'టీఎన్‌టీ' వచ్చాయి. 1976లో మిగతా ప్రపంచానికి 'హై వోల్టేజ్' పేరుతో పంపినదాంట్లో 9 పాటలు. అందులో 7 'టీఎన్‌టీ'వి, పాత 'హై వోల్టేజ్'వి రెండే: లిటిల్ లవర్, షీ ఈజ్ గాట్ బాల్స్. 'హై వోల్టేజ్' అనే పాట కూడా ఆస్ట్రేలియాలో 'టీఎన్‌టీ'లోనే ఉంది.

కాలక్రమం తిరగబడటం ఇదే బ్యాండ్ 'డర్టీ డీడ్స్' ఆల్బమ్ దగ్గర చూడాలి. ఆస్ట్రేలియాలో 1976 సెప్టెంబర్, బ్రిటన్ వైపు డిసెంబర్. జైల్‌బ్రేక్, ఆర్ఐపీ పోయి రాకర్, లవ్ ఎట్ ఫస్ట్ ఫీల్ వచ్చాయి. అమెరికాలో అసలు విడుదలే కాలేదు, 1981 దాకా. గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న చనిపోయాడు. కొత్త గాయకుడు బ్రయాన్ జాన్సన్‌తో 'బ్యాక్ ఇన్ బ్లాక్' వచ్చి ఊరూరా మోగాక, అమెరికా కుర్రాళ్ల చేతికి 'కొత్త' ఎల్పీగా చనిపోయిన గాయకుడి గొంతు అందింది. అక్కడివాళ్ల జ్ఞాపకంలో ఈ బ్యాండ్ కథ ఆ క్రమంలోనే నిలిచింది.

#12 మోనోమాత్రమే

జ్ఞాపకం అంటే పాటల జాబితా ఒక్కటే కాదు, అతుకులు కూడా. ఒక పాట ఆగిన క్షణంలో తర్వాతి పాట మొదటి స్వరం మనసులో ముందే మోగుతుంది. వేరే పాట వస్తే మెట్టు తప్పినట్టు ఉంటుంది. ఇంకా చిన్న ఉదాహరణలు చూడండి.

అమెరికా 'హెల్ప్!' ఎల్పీలో పాట కంటే ముందు జేమ్స్ బాండ్ తరహా వాద్యఖండం ఉంది. 1973లో అమెరికాలో వచ్చిన ఎర్ర అట్ట బీటిల్స్ సంకలనంలోనూ అదే పెట్టారు. ఆ కాపీతో పెరిగినవాళ్లకు 'హెల్ప్!' అన్న కేక ముందు ఆ బాణీ లేకపోతే ఏదో తెగినట్టే. జర్మనీలో 'సమ్‌థింగ్ న్యూ' ఎల్పీ వాళ్లకు 'అండ్ ఐ లవ్ హర్' చివరి గిటార్ పలుకు ఆరుసార్లు వస్తుంది, మిగతా ప్రపంచానికి నాలుగుసార్లే. జర్మనీ, హాలండ్‌లలో 'బీటిల్స్ గ్రేటెస్ట్'లో 'ఆల్ మై లవింగ్' ముందు హై-హ్యాట్ తాళాలు వినిపిస్తాయి.

#13 గాడి33

మన దేశం ఏ పక్షం అన్నది కూడా రాయాలి. బీటిల్స్ రికార్డులు ఇక్కడ కలకత్తా దగ్గర దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయ్యేవి, పాటల వరుస బ్రిటన్‌దే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇక్కడి ఎల్పీ విన్నవాళ్లు, అమెరికాలో ఉన్న బంధువు తెచ్చిన క్యాపిటల్ ఎల్పీ పక్కన పెట్టి చూస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

ఇంకో విశేషం, 1960ల మధ్యలో కూడా మన దగ్గర బీటిల్స్ సింగిల్స్ 78 వేగం (నిమిషానికి 78 చుట్లు) లక్క రికార్డులుగా వచ్చాయి. బ్రిటన్, అమెరికాల్లో అప్పటికే 78 పోయింది. 'పేపర్‌బ్యాక్ రైటర్' లక్క రికార్డు మీద వినడమన్నది ప్రధానంగా మన శ్రోతల అనుభవం. ప్రపంచం నలుమూలల సేకర్తలు వీటికోసం ఇక్కడికే చూస్తారు.

#14 సూదిమొన

ఆ లక్క రికార్డులు దొరికినవాళ్లకు మూడు మాటలు.

సూది: ఎల్పీ సూది మొన వ్యాసార్ధం 18 నుంచి 25 మైక్రాన్లు. 78 గాడికి 65 నుంచి 75 కావాలి. ఎల్పీ సూది పెడితే అది గాడి గోడల్ని పట్టకుండా అడుగున దుమ్ములో దొర్లుతుంది, పాట కంటే చిటపటలే ఎక్కువ.

కడగడం: స్పిరిట్, ఐసోప్రొపైల్ ఉన్న ఏ ద్రావణమూ వాడొద్దు. లక్క కరుగుతుంది, గాడి తెల్లబారి శాశ్వతంగా పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల సబ్బుద్రవం కలిపి మెత్తటి బట్టతో గాడి వెంట తుడవండి, లేబుల్ తడవకుండా చూడండి, నిలబెట్టి ఆరనివ్వండి.

వేగం: ప్లేయర్‌కు 78 లేకపోతే 45లో ఎక్కించి కంప్యూటర్‌లో 1.733 రెట్లు పెంచవచ్చు. అయితే ఫోనో ప్రీఆంప్ (రికార్డు సిగ్నల్‌ను పెంచే పరికరం) వేసే ఈక్వలైజేషన్, అంటే బాస్, సన్నటి స్వరాల సర్దుబాటు కూడా స్వరంతో పాటు పైకి జరిగిపోతుంది. అందుకే ఈక్వలైజేషన్ లేకుండా ఎక్కించి, వేగం సరిచేశాకే వేయండి.

#15 రెండోవైపు

ఒక్కటి మిగిలింది, క్లాష్ అనే బ్రిటిష్ పంక్ బ్యాండ్ మొదటి ఎల్పీ. బ్రిటన్‌లో 1977 ఏప్రిల్, అమెరికాలో 1979 జూలై, అదీ రెండో ఎల్పీ వచ్చాక. డినై, చీట్, ప్రోటెక్స్ బ్లూ, 48 అవర్స్ తీసేశారు. క్లాష్ సిటీ రాకర్స్, కంప్లీట్ కంట్రోల్, వైట్ మ్యాన్, ఐ ఫాట్ ద లా, జైల్ గిటార్ డోర్స్ కలిపారు. 'వైట్ రయట్' రెండింట్లోనూ ఉంది గానీ టేక్ వేరు. అమెరికా ప్రతిలో ఉన్నది సింగిల్‌ది. తొలి అమెరికా కాపీల్లో 'గ్రూవీ టైమ్స్', 'గేట్స్ ఆఫ్ ద వెస్ట్' ఉన్న 45 వేగం చిన్న రికార్డు కూడా పెట్టి ఇచ్చారు. పాత కాపీ కొనేటప్పుడు అట్ట లోపల చెయ్యి పెట్టి అది ఉందో లేదో చూసుకోండి.